పక్షి గణన శిబిరంలో చేరాలంటే: పేరు నమోదు నుంచి లెక్క అప్పగించే వరకు

విజయదశమి నాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలుగు నేలపై తరతరాల నమ్మకం. జమ్మి కొట్టడానికి ఊరి పొలిమేరకు వెళ్లినవారు అటునుంచి పొలాల వైపు నడిచి, తీగలపైనో ఎండిన కొమ్మపైనో నీలిరంగు రెక్కల కోసం వెతకడం నేటికీ అనేక గ్రామాల్లో కనిపిస్తుంది. ఆ పక్షి తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. అయితే దేశంలో పాలపిట్టల సంఖ్య గత పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గినట్టు 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక వెల్లడించింది. దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ మదింపు చేయాలని కూడా ఆ నివేదిక సూచించింది.

ఈ తగ్గుదలను కనిపెట్టినది ఏ ఒక్క శాస్త్రవేత్తో, ఏ ఒక్క ప్రభుత్వ శాఖో కాదు. దేశవ్యాప్తంగా 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన మూడు కోట్లకు పైగా పరిశీలనలు ఆ నివేదికకు ఆధారం. వారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఉన్నారు. అత్యధికులు జీతం కోసం కాక, ఇష్టంతో ఈ పని చేసినవారే.

ప్రకృతి పరిశీలకుల శిబిరాలు, పక్షి గణనలు ఏటా చలికాలంలో జోరందుకుంటాయి. ఉపన్యాసాలు, క్షేత్ర పర్యటనలు కలిసిన ఈ సమావేశాల్లో చేరాలని చాలామందికి ఉంటుంది. కానీ ఎక్కడ పేరు ఇవ్వాలో, దరఖాస్తులో ఎందుకన్ని వివరాలు అడుగుతారో, అనుభవం లేనివారిని చేర్చుకుంటారో లేదో తెలియక ఆగిపోతారు. ఆ సందేహాలకు సమాధానాలు ఇవి.

ఏ రకం కార్యక్రమంలో చేరాలి?

‘పక్షి గణన’ అన్న ఒకే పేరుతో పిలిచినా, ఈ కార్యక్రమాలు ప్రధానంగా మూడు రకాలు. మీ తీరికను, ఆరోగ్యాన్ని, అనుభవాన్ని బట్టి ఎంచుకోవడం మంచిది.

మొదటిది, ఎవరైనా ఎక్కడినుంచైనా పాల్గొనగలిగిన బహిరంగ గణన. ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ ఇందుకు ఉదాహరణ. 1998లో అమెరికాలో మొదలైన ఈ గణనలో భారతీయులు 2013 నుంచి పాల్గొంటున్నారు. ఇంటి పెరడు, కళాశాల ఆవరణ, ఊరి చెరువు గట్టు, ఏదైనా సరే. కనీసం 15 నిమిషాలు ఒకచోట గమనించి, కనిపించిన పక్షుల జాబితాను ‘ఈబర్డ్’ వేదికలో నమోదు చేస్తే చాలు. దీనికి సీట్ల పరిమితి లేదు, రుసుము లేదు.

రెండవది, నిర్ణీత ప్రదేశంలో జరిగే గణన. భారత ఉపఖండంలో 1987లో ఆరంభమైన ఆసియా నీటిపక్షుల గణన ఈ కోవలోనిది. ఏటా జనవరిలో అనేక ఆసియా దేశాల్లో చెరువులు, సరస్సులు, మడ అడవులు, తీరప్రాంతాల్లో నీటిపక్షులను లెక్కిస్తారు. ఇందులో పాల్గొనదలచినవారు తమ ప్రాంత సమన్వయకర్తకు ముందుగా పేరు ఇవ్వాలి. ఏ చెరువుకు ఎవరు వెళ్లాలన్నది ఆయన లేదా ఆమె నిర్ణయిస్తారు. ఒకే చెరువును రెండు బృందాలు వేర్వేరుగా లెక్కించి, పక్క చెరువును ఎవరూ చూడకుండా వదిలేసే పొరపాటు జరగకూడదన్నదే దీని ఉద్దేశం.

మూడవది, అభయారణ్యంలోనో పులుల సంరక్షణ కేంద్రంలోనో అటవీ శాఖ అనుమతితో జరిగే బస శిబిరం. రెండు మూడు రోజులపాటు అక్కడే ఉండి, ఉదయం, సాయంత్రం అడవి బాటల్లో నడుస్తూ పక్షులను, సీతాకోకచిలుకలను నమోదు చేస్తారు. రాత్రివేళ ఉపన్యాసాలు ఉంటాయి. సీట్లు పరిమితం. దరఖాస్తు చేసిన వారందరికీ అవకాశం రాదు. పేరు నమోదు ప్రక్రియ ఎక్కువ కాలం పట్టేదీ, ఎక్కువ వివరాలు అడిగేదీ ఈ రకానికే.

దరఖాస్తులో ఇన్ని వివరాలు ఎందుకు?

గుర్తింపు కార్డు ప్రతి, వయసు, రక్తవర్గం, అత్యవసర సమయంలో ఫోన్ చేయవలసిన బంధువు నంబరు, దీర్ఘకాలిక వ్యాధులు, గత అనుభవం, మాట్లాడగల భాషలు, భోజన అలవాట్లు. బస శిబిరాల దరఖాస్తుల్లో సాధారణంగా కనిపించే ప్రశ్నలు ఇవి. ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ఎవరు పడితే వారు ప్రవేశించడానికి వీల్లేదు. వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాచిత్రణం, శాస్త్రీయ పరిశోధన, పర్యటన వంటి ప్రయోజనాల కోసం 28వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏ పనిమీద లోపలికి వెళుతున్నారో అటవీ శాఖకు తెలియాలి. అందువల్ల గుర్తింపు కార్డులోని పేరే దరఖాస్తులోనూ ఉండాలి. ఇంట్లో పిలుచుకునే పేరు రాస్తే, తీరా అటవీ శాఖ తనిఖీ కేంద్రం దగ్గర ఇబ్బంది ఎదురుకావచ్చు. గడువు ముగిశాక ఒకరి బదులు మరొకరు వస్తామంటే నిర్వాహకులు ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆరోగ్య వివరాలను దాచడం ఎంతమాత్రం మంచిది కాదు. అడవిలో శిబిరాలు ఆసుపత్రులకు దూరంగా ఉంటాయి. చాలాచోట్ల ఫోన్ సంకేతం అందదు. ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు, తేనెటీగ కుడితే ఒళ్లు వాచే లక్షణం ఉన్నాయని ముందే తెలిస్తే, నిర్వాహకులు మిమ్మల్ని తిరస్కరించడం కంటే తేలికైన బాటకు కేటాయించే అవకాశమే ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కొండదారికి బదులు చెరువు గట్టున కూర్చుని లెక్కించే పని అప్పగించవచ్చు. అదీ అంతే విలువైన పని.

గత అనుభవం గురించిన ప్రశ్న చూసి కొత్తవారు వెనుకాడనవసరం లేదు. ప్రతి బృందంలోనూ పక్షులను గుర్తుపట్టగలవారు ఒకరు, దారి తెలిసినవారు ఒకరు, చక్కగా రాయగలవారు ఒకరు ఉండాలన్నది నిర్వాహకుల ఆలోచన. మీకు పది పక్షులే తెలిస్తే పది అనే రాయండి. లేని అనుభవాన్ని రాసుకుంటే, ఆ మాట నమ్మి మిమ్మల్ని బృందానికి పెద్దగా నియమిస్తే, ఆ బాట లెక్క అంతా అనుమానాస్పదమవుతుంది.

స్థానిక భాష తెలియడం కూడా ఒక అర్హతే. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే పరిశీలకులతో కలిసి నల్లమలలోనో కొల్లేటి లంకల్లోనో నడిచేటప్పుడు, అక్కడి చెంచులతో, మత్స్యకారులతో మాట్లాడగలవారు బృందానికి ఎంతో అవసరం. ఏ పిట్ట ఏ కాలంలో వస్తుందో, ఏ చెరువు ఏ నెలలో ఎండుతుందో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

పద్ధెనిమిదేళ్లలోపు వారికి సాధారణంగా తల్లిదండ్రుల లేదా సంరక్షకుల లిఖితపూర్వక అంగీకారం అడుగుతారు. కొన్ని శిబిరాలు పిల్లలను పెద్దల తోడు ఉంటేనే అనుమతిస్తాయి. దరఖాస్తు నింపకముందే ఈ నియమాన్ని చదువుకోవాలి.

రుసుము చెల్లించే ముందు

బహిరంగ గణనలకు రుసుము ఉండదు. బస శిబిరాలకు మాత్రం భోజనం, వసతి, అడవిలో వాహనం, ప్రవేశ రుసుము వంటి ఖర్చుల కింద కొంత మొత్తం వసూలు చేస్తారు. డబ్బు పంపే ముందు ఈ విషయాలు స్పష్టం చేసుకోవాలి.

• శిబిరాన్ని నిర్వహిస్తున్నది ఎవరు? అటవీ శాఖ అనుమతి వచ్చిందా, లేక ఇంకా రావలసి ఉందా?

• రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయి? రైల్వే స్టేషన్ నుంచి శిబిరం వరకు ప్రయాణం అందులో ఉందా?

• ఎంపిక కాకముందే డబ్బు కట్టాలా? ఎంపిక కాకపోతే తిరిగి ఇస్తారా? వర్షాల వల్లనో అటవీ శాఖ ఆదేశాల వల్లనో రద్దయితే ఏం చేస్తారు?

• మహిళలకు విడిగా వసతి, మరుగుదొడ్లు ఉన్నాయా?

• ప్రమాద బీమా ఉందా, లేక అది మన బాధ్యతేనా?

నిర్వాహకులు ఇచ్చే హామీ పత్రంపై చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. అడవిలో జరిగే ప్రమాదాలకు ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది అందులోనే ఉంటుంది. పూర్తిగా చదివి, అర్థం కాని వాక్యం ఉంటే అడిగి తెలుసుకున్న తరువాతే సంతకం చేయాలి. చెల్లింపునకు రసీదు తీసుకోవాలి.

ఎంపికైన తరువాత ఏం జరుగుతుంది?

సాధారణంగా మొదటిరోజు మధ్యాహ్నానికి శిబిరం చేరుకోవాలి. సాయంత్రం ఉపన్యాసాలు మొదలవుతాయి. ఆ అడవి స్వభావం, అక్కడ కనిపించే ముఖ్యమైన పక్షులు, ఒకేలా కనిపించే జాతుల మధ్య తేడాలు, లెక్క రాసే విధానం, భద్రతా నియమాలు వివరిస్తారు. ఈ ఉపన్యాసాలకు రాకుండా నేరుగా మర్నాటి నడకకు వద్దామనుకోవడం సరికాదు. అందరూ ఒకే పద్ధతిలో లెక్కిస్తేనే ఒక బాట లెక్కను మరొక బాట లెక్కతో పోల్చగలం.

తెల్లవారకముందే బృందాలు బయలుదేరతాయి. పక్షుల కూతలు, కదలికలు అధికంగా ఉండేది సూర్యోదయం నుంచి మొదటి రెండు మూడు గంటల్లోనే. కొన్నిచోట్ల నిర్ణీత బాటలో నెమ్మదిగా నడుస్తూ ఇరువైపులా కనిపించినవి, వినిపించినవి రాస్తారు. కొన్నిచోట్ల ఒకే బిందువు వద్ద నిలబడి నిర్ణీత సమయంపాటు లెక్కిస్తారు. బయలుదేరిన సమయం, ముగించిన సమయం, నడిచిన దూరం తప్పక రాయాలి. రెండు గంటల్లో ఇరవై గోరువంకలు కనిపించడానికీ, పది నిమిషాల్లో ఇరవై కనిపించడానికీ చాలా తేడా ఉంది.

నీటిపక్షుల లెక్క మరొక రకం. నేలపట్టులో చెట్లనిండా గూళ్లు కట్టుకున్న గూడబాతులను, పులికాట్‌లో బారులు తీరిన ఫ్లెమింగోలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం అన్నివేళలా సాధ్యం కాదు. అప్పుడు గుంపులో ఒక అంచున పది పక్షులను లెక్కించి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలుచుకోవాలి. ఆ కొలతతో వందను, వందతో గుంపు మొత్తాన్ని అంచనా వేయాలి. బృందంలో ఇద్దరు విడివిడిగా అంచనా వేసి, ఆ తరువాతే ఒకరికొకరు చెప్పుకోవడం మంచి పద్ధతి. ముందే చెప్పుకుంటే రెండోవారి అంకె మొదటివారి అంకె వైపు జారిపోతుంది.

ఈ లెక్కను జనవరిలోనే చేయడానికి కారణం ఉంది. మధ్య ఆసియా వలసమార్గంలో వచ్చిన పక్షులు ఆ సమయానికి తమ శీతకాలపు విడిదిలో కుదురుకుని ఉంటాయి. వేర్వేరు ప్రదేశాల్లో దాదాపు ఒకే సమయంలో లెక్కించడం వల్ల ఒకే గుంపును రెండుచోట్ల లెక్కించే ప్రమాదం తగ్గుతుంది. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులు, 2002లో రామ్‌సర్ ప్రదేశంగా గుర్తింపు పొందిన కొల్లేరు, హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు వంటి చిత్తడి నేలల్లో ఏటేటా లెక్కలు తీస్తేనే వాటి ఆరోగ్యం ఎటు పోతున్నదో తెలుస్తుంది.

వెంట ఏమి తీసుకువెళ్లాలి?

ఖరీదైన కెమెరా అవసరం లేదు. కొత్తవారికి 8×42 రకం బైనాక్యులర్స్ సరిపోతాయి. ఇందులో 8 అంటే దృశ్యం ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందన్న సంఖ్య. 42 అంటే ముందుభాగంలోని అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ అద్దం పెద్దదైన కొద్దీ తెల్లవారుజాము మసకవెలుతురులో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. సొంతంగా కొనలేనివారు దరఖాస్తులోనే ఆ మాట చెబితే, బృందంలో ఒకరి దానిని పంచుకునే ఏర్పాటు చేసే అవకాశం ఉంటుంది.

మట్టిరంగు, ఆకుపచ్చ రంగు దుస్తులు, పాదం పూర్తిగా కప్పే బూట్లు, టోపీ, తాగునీటి సీసా, చిన్న టార్చిలైటు, జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్సిలు, రోజూ వాడే మందులు తప్పనిసరి. తడిస్తే పెన్ను సిరా కారిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. అత్తరులు, తెల్లని దుస్తులు వద్దు.

చేయకూడనివి

కూతలను ఫోన్‌లో వినిపించి పక్షులను దగ్గరకు రప్పించడం కొందరికి అలవాటు. గుడ్లు పొదిగే కాలంలో ఇది పక్షిని గూడు నుంచి దూరం చేస్తుంది. ఆ కొద్దిసేపటిలోనే కాకి గుడ్లను ఎత్తుకుపోవచ్చు. గూళ్ల దగ్గరకు వెళ్లి ఫొటోలు తీయడం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయడం, ఈకలో గూళ్లో జ్ఞాపికగా తెచ్చుకోవడం కూడా తగదు. అరుదైన పక్షి గూడు ఉన్న కచ్చితమైన చోటును సామాజిక మాధ్యమాల్లో పెడితే, మర్నాడే అక్కడ గుంపు చేరుతుంది. వేటగాళ్లకూ అదే దారి చూపుతుంది.

తెలియనిది రాయవచ్చా?

కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా వేధించే ప్రశ్న ఇది. దూరాన ఒక గద్ద ఎగిరింది. ఏ గద్దో తెలియలేదు. అప్పుడు ‘గుర్తించని గద్ద, ఒకటి’ అని రాయడమే సరైన పని. ఊహించి ఒక అరుదైన పేరు రాస్తే అది దస్త్రాల్లో చేరి, అక్కడ ఆ పక్షి ఉందని తరువాతివారిని పొరపాటు పడేలా చేస్తుంది.

అలాగే ఏమీ కనిపించకపోవడం కూడా సమాచారమే. నిరుడు రెండు వందల బాతులు ఉన్న చెరువులో ఈ ఏడు ఒక్కటీ లేకపోతే, చాలామంది నిరాశతో జాబితా నింపకుండానే తిరిగివస్తారు. కానీ ఆ ‘సున్నా’యే ఆనాటి అతి ముఖ్యమైన అంకె. చెరువు పూడిపోయిందా, నీరు కలుషితమైందా, గుర్రపుడెక్క కమ్మేసిందా అన్న ప్రశ్నలు ఆ సున్నా నుంచే మొదలవుతాయి. అది రాయకపోతే, చెరువు బాగానే ఉన్నదని అనుకోవడానికి అవకాశం ఇచ్చినవారమవుతాం.

అందుకే శిబిరం ముగింపు రోజున సమావేశం పెట్టి, ప్రతి బృందం తన జాబితాను చదివి వినిపిస్తుంది. అనుమానం ఉన్నవాటిని నిపుణులు ప్రశ్నిస్తారు. మీరు చూసినదాన్ని కొట్టివేస్తే అవమానంగా భావించనవసరం లేదు. లెక్కకు విశ్వసనీయత వచ్చేది ఈ వడపోతతోనే.

ఎంపిక కాకపోతే?

అంతటితో దారి మూసుకుపోదు. 1980లో బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా ఆరంభమై, నేడు డెక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతున్న సంస్థ వంటి పరిశీలక బృందాలు క్షేత్ర పర్యటనలు నిర్వహిస్తుంటాయి. అటువంటి నడకల్లో ఒక ఏడాది పాల్గొని, ఊరి చెరువు వద్ద నెలకొక జాబితా రాసుకుంటే, మరుసటి ఏడాది దరఖాస్తులో అనుభవం గురించిన గడి ఖాళీగా ఉండదు. పైగా ఒకే చెరువును పన్నెండు నెలలు చూసినవారి పుస్తకం, పన్నెండు అడవులను ఒక్కొక్క రోజు చూసినవారి పుస్తకం కంటే ఎన్నోసార్లు ఎక్కువ విషయాలు చెబుతుంది.

ఈ లెక్కలతో ఒరిగేదేమిటి?

తెలుగు నేలపై పక్షుల లెక్కకు పాత చరిత్రే ఉంది. 1931-32లో సలీం అలీ నాటి హైదరాబాద్ సంస్థానమంతటా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆనాడు ఏ పక్షి ఎక్కడ ఉండేదో నేడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే అటువంటి రాతలే కారణం.

కలివికోడి కథ మరొక నిదర్శనం. 1900 తరువాత ఎవరి కంటా పడని ఈ పక్షి అంతరించిపోయిందనే చాలామంది భావించారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, కడప జిల్లా లంకమల ప్రాంతంలో స్థానికుల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. రాత్రిపూట పొదల మధ్య తిరిగే ఆ పిట్ట ఆనవాలు పట్టింది ఆ అడవిని ఎరిగిన స్థానికులే. ఆ తరువాతే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

మళ్లీ నేటికి వస్తే, 2023 నివేదిక 942 జాతుల పక్షులను పరిశీలించింది. వాటిలో 338 జాతుల దీర్ఘకాలిక గతిని మాత్రమే నిర్ధారించగలిగారు. అందులో 204 జాతులు తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. మిగిలిన సుమారు ఆరు వందల జాతుల దీర్ఘకాలిక గతిని చెప్పడానికి చాలినంత సమాచారం లేదు. అవి తగ్గుతున్నా మనకు తెలియదు. నమోదులు తక్కువగా ఉన్న పల్లెలు, మెట్ట పొలాలు, చిన్న చెరువుల నుంచి వచ్చే ప్రతి జాబితా ఆ ఖాళీలో కొంత నింపుతుంది.

పాలపిట్టనే తీసుకోండి. కీటకాలను తిని బతికే ఈ పక్షికి ఆరుబయలు పొలాలు, ఎత్తున కూర్చోవడానికి కొమ్మలు, గూటికి తొర్రలున్న పాత చెట్లు కావాలి. వాటిలో ఏది ఎక్కడ కరవైందో తెలియాలంటే, ఏ జిల్లాలో ఎంత తగ్గిందో ముందు తెలియాలి. దసరానాడు దాన్ని వెతికే కళ్లు లక్షల్లో ఉన్నాయి. ఆ ఒక్కరోజు చూసిన చోటును, సమయాన్ని, సంఖ్యను రాసిపెట్టినా, కనిపించకపోతే కనిపించలేదని రాసిపెట్టినా అది ఒక నమోదే. పంజరంలో పెట్టి చూపించి డబ్బు అడిగేవారిని మాత్రం ప్రోత్సహించకూడదు. ఆ పక్షిని పట్టడం, బంధించడం చట్టరీత్యా నేరం.

శిబిరాల ప్రకటనలు తరచుగా చలికాలానికి నెల రెండు నెలల ముందే వెలువడతాయి. గుర్తింపు కార్డు ప్రతి, ఇంట్లోవారి అంగీకారం, సెలవు సిద్ధంగా ఉంచుకుంటే గడువు దాటిపోదు. అప్పటివరకు రేపు ఉదయం పదిహేను నిమిషాలు డాబా మీద నిలబడి, కనిపించిన కాకులను, పావురాలను, గోరువంకలను రాసి చూడండి. శిబిరంలో చేయబోయేది కూడా ఇదే పని.